సిసింద్రీలు, కిరసనాయిలు, చందమామ

మొన్న జులైలో హ్యూస్టన్ దగ్గర మా అమ్మాయి వాళ్ళింట్లో ఉన్నాను. నాలుగో తారీఖు అమెరికా వాళ్ళ స్వాతంత్ర్య దినం కదా, చీకటి పడగానే కాలనీ పిల్లలంతా రోడ్డు మీదకొచ్చి టపాకాయలు మొదలెట్టారు. నేను గరాజ్ ముందు మడత కుర్చీ వేసుకుని కూర్చున్నా. నిజం చెప్పాలంటే చూడ్డానికి ఏమంత లేదు, మన భీమవరం వైపు దీపావళికి ఒక్క వీధిలో కాల్చేదాంట్లో పావు వంతు కూడా కాదు. కానీ గాలి ఇటు తిరిగి పొగ మొహం మీదకి వచ్చేసరికి, ఆ కాలిన మందు వాసనకి మా బాబాయి గుర్తొచ్చాడు. బాబాయితో పాటే చంద్రుడూ గుర్తొచ్చాడు. ఈ ఇద్దరికీ సంబంధం ఏమిటంటారా, చెప్తాను, కాకపోతే కాస్త చుట్టు తిరిగి రావాలి.

మాది భీమవరానికి పది మైళ్ళ దూరంలో పల్లెటూరు. ఊళ్ళోకి కరెంటు వచ్చింది గానీ అప్పటికింకా మా వీధి దాకా రాలేదు. మందుగుండు కొట్లో కొనుక్కోవడం డబ్బున్నవాళ్ళ పని, మిగతా అందరం ఇంట్లో చేసుకునేవాళ్ళమే. దసరా వెళ్ళిన మర్నాటి నుంచి మా పెరడంతా బాబాయి రాజ్యం. జిల్లేడు కర్రలు కాల్చి బొగ్గు చెయ్యడం, సూరేకారం ఎండబెట్టడం, గంధకం నూరి పల్చటి గుడ్డలో జల్లించడం. "దేనికదే నూరాలి, కలిపి నూరావా చేతులుండవు" అని ప్రతి ఏడూ అదే మాట. మందు కలిపేటప్పుడు మాత్రం పిల్లల్ని అరుగు దిగనిచ్చేవాడు కాదు. మా పనల్లా కాగితాన్ని పెన్సిలు మీద చుట్టి, అన్నం మెతుకులతో అతికించి గొట్టాలు చెయ్యడం.

ఆ గొట్టాలకి అన్నిటికన్నా బాగా పనికొచ్చే కాగితం మా నాన్న దాచుకునే రష్యా వాళ్ళ పత్రిక 'సోవియట్ భూమి'. నున్నగా, దళసరిగా, రంగు బొమ్మలతో ఉండేది. జూన్‌లో పుస్తకాలకి అట్టలేసుకోవడానికని అడిగితే నాన్న లెక్కపెట్టి ఇచ్చేవాడు, సిసింద్రీలకంటే ససేమిరా. అందుకని దొంగతనంగా చింపేవాళ్ళం. ఓ ఏడు, అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి మనిషి, రష్యా వాడు గగారిన్ నవ్వుతున్న బొమ్మ పేజీ నా చేతికొచ్చింది. చుట్టాను, బాబాయి ఓ చివర మట్టి బిగించి, మందు దట్టించి, రెండో చివర చిన్న చిల్లు ఉంచాడు. దీపావళి నాడు అంటించి వదిలితే ఆ గగారిన్ నేల మీద మెలికలు తిరుగుతూ పోయి మామ్మ తులసికోట వెనకాల దూరి టప్పున పేలింది. నాన్న చూళ్ళేదు, అదృష్టం.

"మంట వెనక్కి తోస్తే గొట్టం ముందుకు పోతుందిరా, అంతే. అమెరికా వాడి రాకెట్టుకైనా మన తారాజువ్వకైనా సూత్రం ఇదే" అనేవాడు బాబాయి. పంచాయతీ సమితిలో గుమాస్తా ఆయన, చదివింది ఎస్సెల్సీ, కానీ పేపర్లో రాకెట్ల వార్త వస్తే కత్తిరించి ఓ ట్రంకు పెట్టెలో పెట్టుకునేవాడు. 1967లో, చంద్రుడి మీదకి మనుషుల్ని పంపాలని అమెరికా వాళ్ళు మొదలెట్టిన అపోలో వరసలో అపోలో 1లో, ఇంకా నేల మీద ఉండగానే, పరీక్ష చేస్తుంటే మంటలొచ్చి గ్రిసమ్, వైట్, చాఫీ ముగ్గురూ పోయారు కదా, ఆ కత్తిరింపు ఆయన దగ్గరుండేది. మందు కలపడానికి కూర్చునే ముందు మాకు ఆ కథ చెప్పేవాడు. "లోపలంతా ఒట్టి ప్రాణవాయువు నింపారురా, మామూలు గాలి కాదు. నిప్పురవ్వ చాలు." చెప్పి, జేబులోంచి అగ్గిపెట్టె తీసి మా మామ్మ చేతిలో పెట్టి అప్పుడు కూర్చునేవాడు.

నేను చెప్పే 1968 దీపావళికి అపోలో 7 భూమి చుట్టూ తిరుగుతోంది. ఆ మంటల తర్వాత మనుషులతో వెళ్ళిన మొదటి అపోలో అదే, షిర్రా, ఐసెల్, కన్నింగ్‌హామ్ అని ముగ్గురు, పదకొండు రోజులున్నారు. అందులో షిర్రాకి పైన జలుబు చేసి, మిగతావాళ్ళకీ పట్టుకుని, కిందున్న వాళ్ళ మీద చిరాకు పడుతున్నారని బాబాయి చెప్తే మామ్మ "తలంటుకుని జుట్టు ఆరకుండా బయల్దేరుంటారు" అంది. ఇప్పటికీ మా ఇళ్ళల్లో ఎవరైనా తడి జుట్టుతో బయటికెళ్తే షిర్రా అంటాం. కొత్తగా వచ్చిన కోడళ్ళకి అర్థం కాదు.

* * *

అది దాటి రెండు నెలలకి ధనుర్మాసం. తెల్లవారుజామున గుళ్ళో మైకులో తిరుప్పావై, మంచు, వీధిలో హరిదాసు చిడతల చప్పుడు, వాకిట్లో లాంతరు పెట్టుకుని అక్క ముగ్గేస్తుంటే పక్కన నేను పేడ గిన్నెతో. ఆ రోజుల్లోనే అపోలో 8. బోర్మన్, లవెల్, ఆండర్స్. భూమిని వదిలి చంద్రుడి దాకా వెళ్ళిన మొదటి మనుషులు వీళ్ళే, దిగలేదు, పదిసార్లు చుట్టి వచ్చేశారు. మొత్తం 1968 అంతా ఒక ఎత్తు, ఆ చివరి వారం ఒక ఎత్తు అనేవాడు బాబాయి.

చంద్రుడి వెనక్కి వెళ్ళినప్పుడల్లా వాళ్ళ మాట భూమికి వినపడదన్న సంగతి నా బుర్రకి ఎక్కలేదు. బాబాయి వాకిట్లో గొంతుక్కూర్చుని, అక్క పెట్టిన గొబ్బెమ్మ చుట్టూ బంతిపువ్వు తిప్పి చూపించాడు. "నువ్వు ఇక్కడ కూర్చో. ఇదిగో, పువ్వు కనబడుతోందా? ఇప్పుడో?" గొబ్బెమ్మ చాటుకి పోయింది పువ్వు. "అదీ. అక్కడున్నంతసేపూ కింద వాళ్ళకి గుండె దడే. ఇంజను సరిగ్గా వెలిగిందో లేదో ఇటు వస్తే గానీ తెలీదు." మామ్మ బయటికొచ్చి, గొబ్బెమ్మతో ఆ ఆటలేమిట్రా, అమ్మవారు, అని కేకలేసింది.

చంద్రుడి అంచు మీంచి భూమి పైకొస్తున్న ఆండర్స్ ఫోటో ఉంది కదా, లోకమంతా చూసింది, అది మాకు పేపర్లో నలుపు తెలుపులో వచ్చింది. నల్ల మచ్చ, పక్కన తెల్ల మచ్చ, ఏది భూమో బాబాయి చెప్తే తెలిసింది. భూమి అందులో నీలంగా ఉందని చూడ్డానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

* * *

ఇక 1969 జులై, అపోలో 11 చంద్రుడి మీద దిగిన నెల. ఆ ఏడు అధికాషాఢం వచ్చింది, నిజాషాఢం మొదలై వారం కూడా నిండలేదు. అక్కకి ఆ వేసవిలోనే పెళ్ళయింది, ఆషాఢం కాబట్టి పుట్టింట్లో ఉంది. నాన్న బుర్ర నిండా బ్యాంకుల జాతీయం. మేం రేడియో విన్న ఆదివారానికి సరిగ్గా ముందు రోజే ఇందిరాగాంధీ 14 బ్యాంకుల్ని జాతీయం చేసేసింది, దాంతో ఆయనకి చంద్రుడు పట్టలేదు. బాబాయికి మాత్రం వారం నుంచీ తిండి లేదు, నిద్ర లేదు.

బాబాయికి తోలు తొడుగున్న ట్రాన్సిస్టరు ఉండేది, తొడుగుకి ముందు చిల్లులు. సెల్లులు నీరసించిపోతే తీసి ఎండలో పెట్టేవాళ్ళం, కాస్త ప్రాణం వచ్చేది. ఆ ఆదివారం మబ్బు. ఎండ కోసం సెల్లుల్ని అరుగు మీంచి గోడ మీదకీ, గోడ మీంచి గడ్డిమేటు మీదకీ మార్చడమే నా డ్యూటీ. కొత్తవి కొనొచ్చుగా అంటారేమో, నెలాఖరు దగ్గర పడింది.

సాయంత్రం మబ్బుల మధ్య నెలవంక కాసేపు కనిపించింది, పొద్దుపోయాక అదీ వాలిపోయింది. మామ్మ వంట ముగించి, పొయ్యిలో నిప్పుల మీద చెంబెడు నీళ్ళు చల్లింది, మర్నాడు కుంపటికి బొగ్గులు కావాలి కదా. చుయ్యిమని ఆవిరి లేచి, ఆ తడి బూడిద వాసన అరుగు దాకా వచ్చింది. రోజూ రాత్రి ఆ వాసన వచ్చిందంటే ఇంక ఆ ఇంట్లో ఆ రోజు అయిపోయినట్టు లెక్క. ఆ రాత్రి మాత్రం ఎవరూ పడుకోలేదు. అమ్మ అక్క రెండు చేతులకీ గోరింటాకు పెట్టి లోపలికెళ్ళింది. మా సైన్సు మాస్టారు తుండుగుడ్డ భుజాన వేసుకుని వచ్చారు. ఇంగ్లీషు ముక్క వస్తే చెప్పాల్సింది ఆయనే.

షార్టువేవులో వాయిస్ ఆఫ్ అమెరికా. గరగర, ఈల, ఎక్కడిదో పాట అడ్డమొచ్చి పోయేది, మధ్యలో మాటలు. మాస్టారు చెవి ఆనించి వింటూ, అప్పుడప్పుడు ఒక్కో ముక్క విసిరేవారు. "దిగుతున్నారు." చాలాసేపు ఏమీ లేదు. "ఇంకా దిగుతున్నారు." అక్క చేతులు గాల్లోనే పట్టుకుని కూర్చుంది, దోమ కుడితే గోక్కోలేదు, విసనకర్రతో విసరడం నా పని. చంద్రుణ్ణి చూస్తూ విందామని బాబాయి ఎన్నాళ్ళుగానో అనుకున్నాడు, తీరా చంద్రుడు లేడు, నల్లటి ఆకాశం, తాటిచెట్లు. మన టైము ప్రకారం రాత్రి 1.47 అప్పుడు. మాస్టారు తల పైకెత్తి "దిగారు" అన్నారు. ఇంకేం అనలేదు. బాబాయి ట్రాన్సిస్టరు మీద చెయ్యి వేసి ఉంచాడు, దాని వీపు తడుతున్నట్టుగా. కాసేపటికి గొంతు సన్నగిల్లి, సన్నగిల్లి, సెల్లులు పడుకున్నాయి.

ఆ దిగడం ఎంత గండమో అప్పుడు మాకెవరికీ తెలీదు. కంప్యూటరు మోయలేనంత పని మీద పడి 1202 అని అలారం కొడుతూ ఉండటం, దిగాల్సిన చోట బండరాళ్ళ గొయ్యి కనపడి ఆర్మ్‌స్ట్రాంగ్ తనే నడుపుకుంటూ ముందుకు తీసుకెళ్ళడం, కాలు మోపేసరికి ఇంకో నిమిషానికి కూడా సరిపడా ఇంధనం లేకపోవడం, ఇవన్నీ నేను తర్వాతెప్పుడో చదువుకున్నవి. మాకు ఆ రాత్రి "ఇంకా దిగుతున్నారు" మాత్రమే.

ఇక బయటికొచ్చి నడిచేది మర్నాడు పదకొండు దాటాకని ముందే అనుకున్నదే. లోపల కాసేపు పడుకుని అప్పుడు బయటికి రావాలని ఏర్పాటు. మాస్టారు బళ్ళో అందరికీ వినిపిస్తానన్నారు. అందుకని పొద్దున్నే అమ్మ నన్ను కిరసనాయిలుకి కొట్టుకి పంపింది. మెడకి పురికొస కట్టిన సీసా, రేకు గరాటు, ముందు ఐదుగురు. అక్కడ చంద్రుడి మీదున్న వాళ్ళకి పడుకోబుద్ధి కాలేదుట, ఎవరికి మాత్రం పడుతుంది నిద్ర, ముందే బయల్దేరారు. 8.26కి ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు కింద పెట్టాడు. నేను ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలో నుంచుని "అయిపోయిందిరా, పక్కింటి రేడియోలో చెప్పారు" అంది. సీసా అక్కడే పెట్టి ఏడ్చాను. లెక్క ప్రకారం చంద్రుడి మీద మనిషి అడుగు పెట్టే వేళకి నేను కిరసనాయిలు కొలిపించుకుంటున్నాను.

దానికో కొసమెరుపు ఉంది. వాళ్ళని మోసుకెళ్ళిన సాటర్న్ 5 రాకెట్టు మొదటి అంచెలో కాలిందేమిటో తెలుసా, కిరసనాయిలే. బాగా శుద్ధి చేసిందనుకోండి, ద్రవ ఆక్సిజన్‌తో కలిపి కాలుస్తారు. సుమారు 7 లక్షల 70 వేల లీటర్లు, రెండున్నర నిమిషాల్లో ఖాళీ. ఈ సంగతి నేను టీచరయ్యాక చదివి, పరుగున బాబాయి దగ్గరకెళ్ళి చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, "అయితే నువ్వు క్యూలో సరైన చోటే నుంచున్నావన్నమాట" అన్నాడు.

ఆ సోమవారం బళ్ళో మాస్టారు మమ్మల్ని రైసుమిల్లుకి తీసుకెళ్ళి కాటా మీద నిలబెట్టారు. నేను 24 కిలోలు. "చంద్రుడి మీదైతే నాలుగు కిలోలు" అని రాసి చూపించారు. ఇంటికెళ్ళి చెప్తే మామ్మ గాభరా పడింది, అంత చిక్కిపోతే ఎలా, అని.

* * *

మా నాన్న అప్పుడు బయటపడ్డాడు. "రష్యా వాళ్ళు మనుషుల ప్రాణాలతో ఆడుకోరు. యంత్రాన్ని పంపి మట్టి తెప్పిస్తారు, చూడు." ఆయన అన్నదాంట్లో అబద్ధమేం లేదు, సరిగ్గా ఆ రోజుల్లోనే రష్యా వాళ్ళ యంత్రం లూనా 15 కూడా చంద్రుడి చుట్టూ తిరుగుతోంది. కానీ ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ ఇంకా అక్కడ ఉండగానే అది కూలిపోయింది. బాబాయి వారం రోజులు అన్నయ్య ఎదుట పడ్డప్పుడల్లా పెదాలు బిగబట్టుకునే వాడు. మరుసటి ఏడు సెప్టెంబరులో లూనా 16 నిజంగానే మట్టి తెచ్చింది, మనిషి లేకుండా. నాన్న 'సోవియట్ భూమి' చేత్తో పట్టుకుని వీధంతా తిరిగాడు. "ఎంత తెచ్చింది అన్నయ్యా?" అన్నాడు బాబాయి. 101 గ్రాములు. "తొమ్మిది తులాలకి తక్కువే. అమెరికా వాళ్ళు 21 కిలోల పైన తెచ్చారు." మూడు రోజులు మాటల్లేవు వాళ్ళిద్దరికీ.

అపోలో 13 నాటికి అక్క పురిటికి వచ్చి ఉంది. ఏప్రిల్, వడగాడ్పులు, మా సంవత్సరం పరీక్షలు, ఆవకాయకి మెంతులు ఎండబెట్టిన వాసన. ఆక్సిజన్ ట్యాంకు పేలిందనీ, చంద్రుడి మీద దిగడం లేదనీ, దిగడానికి తీసుకెళ్ళిన చిన్న వాహనంలోనే ముగ్గురూ తలదాచుకుని వెనక్కి వస్తున్నారనీ రేడియోలో చెప్పారు. అక్క పొద్దున లేస్తూనే, కాఫీ కూడా తాగకుండా "వచ్చారా వాళ్ళు?" అని అడిగేది. లేదు. మర్నాడూ అదే. అక్కడ లోపల చలికి వణికిపోతున్నారట, నీళ్ళు గుక్కెడు గుక్కెడు తాగుతున్నారట. మేం ఇక్కడ తడిగుడ్డలు కప్పుకుని పడుకుంటున్నాం. మన టైములో అర్ధరాత్రి దగ్గర పడుతుండగా సముద్రంలో పడ్డారు. బాబాయి మర్నాడు తెల్లవారకుండానే లేచి, అక్క లేచే వేళకి మంచం పక్కనే కూర్చుని ఉన్నాడు, తనే చెప్పాలని.

ఆ తర్వాత మాకే ఆసక్తి తగ్గింది. అమెరికా వాళ్ళకీ తగ్గిందనుకోండి. చంద్రుడి మీద కారు నడిపారన్నా ఊళ్ళో ఎవరూ అరుగుల మీద చేరలేదు. చివరిగా అపోలో 17 వెళ్ళినప్పుడు, 1972 డిసెంబరులో, మా దగ్గర జై ఆంధ్ర ఉద్యమం. బళ్ళు లేవు, బస్సులు లేవు, రేడియో పెడితే ఆ వార్తల కోసమే. సెర్నన్, ష్మిట్ మూడు రోజులు అక్కడుండి వచ్చేశారు. మళ్ళీ అక్కడెవరూ అడుగు పెట్టలేదు.

* * *

వాసన గురించి నాకు తెలిసింది రిటైరయ్యాక. చంద్రుడి మీద గాలి లేదు కాబట్టి అక్కడ వాసన చూసే వీలు లేదు. కానీ నడిచొచ్చి, తలుపు వేసుకుని, లోపల గాలి నింపుకుని, హెల్మెట్లు తీశాక, బట్టలకంటిన ఆ బూడిదరంగు దుమ్ము వాసన వేసిందట. ఆల్డ్రిన్ కాల్చిన తుపాకిమందు వాసన అన్నాడు. తర్వాత వెళ్ళిన సెర్నన్ కూడా అదే మాట. ష్మిట్‌కైతే ఆ దుమ్ము పడక ముక్కు దిబ్బడేసింది. ఆర్మ్‌స్ట్రాంగ్‌కి మాత్రం పొయ్యిలో తడిసిన బూడిద వాసన తగిలిందట.

ఇది చదివి నేను పుస్తకం మూసి పెరట్లోకి వెళ్ళి నుంచున్నాను. పొయ్యి లేదు, ఎప్పుడో తీసేశాం, గ్యాసు కదా. తులసికోట ఉంది. బాబాయి పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఇంత చదివినవాడు, ఆ కాగితాలన్నీ కత్తిరించుకున్నవాడు, ఈ ఒక్క ముక్క ఆయన కంట పడలేదు. పడి ఉంటే నాకు చెప్పకుండా ఉండేవాడు కాదు.

జులై ఐదున మా అమ్మాయి నన్ను స్పేస్ సెంటర్‌కి తీసుకెళ్ళింది. షెడ్డులో సాటర్న్ 5ని పడుకోబెట్టారు, 363 అడుగులు, ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేసరికి మోకాళ్ళు పట్టేశాయి. అప్పటి కంట్రోల్ రూము అప్పుడెలా ఉందో అలాగే చేసి పెట్టారు, యాష్‌ట్రేలు, కాఫీ కప్పులు, సిగరెట్ పెట్టెలతో సహా. అద్దం వెనక కుర్చీల్లో కూర్చుని చూడాలి. ఆ బల్లల దగ్గర కూర్చుని పని చేసినవాళ్ళలో చాలామందికి ముప్పై ఏళ్ళు నిండలేదట. మా బాబాయి వయసువాళ్ళే.

ఇంకోచోట చంద్రుడి రాయి, ముట్టుకోనిస్తారు. వందల కోట్ల ఏళ్ళ నాటి రాయి జనం వేళ్ళకి అరిగి మా మామ్మ రోలు అంచులా నున్నగా అయిపోయింది. నేను వేలితో రాసి, ఎవరూ చూడకుండా వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మనవడు చూడనే చూశాడు. "ఏం వాసన తాతా?" శానిటైజరు వాసన. అక్కణ్ణుంచి తెచ్చిన రాళ్ళకి భూమ్మీద ఆ వాసన రాదట, మన గాలీ తేమా తగిలాక పోతుందేమోనంటారు.

నేను ఇండియా వచ్చేసిన కొద్ది రోజులకే, ఆగస్టులో, జిమ్ లవెల్ పోయారని వార్త. 97 ఏళ్ళు. అపోలో 8లోనూ, అపోలో 13లోనూ చంద్రుడి దాకా రెండుసార్లు వెళ్ళి ఒక్కసారీ దిగని మనిషి. నేను అక్కకి ఫోన్ చేశాను, ఎవరో గుర్తుందా అని.

"ఆ ఏప్రిల్ ఆయనేగా" అంది. అక్కకి ఇప్పుడు చెవి సరిగ్గా వినపడదు, అరిచి చెప్పాలి. దుమ్ము సంగతి కూడా అరిచి చెప్పాను, ఒకాయనకి బాబాయి మందు వాసన, ఇంకొకాయనకి మామ్మ పొయ్యి వాసన. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. కట్ అయిందేమో అనుకున్నాను.

"ఆ రాత్రి గోరింటాకు ఎంత ఎర్రగా పండిందిరా" అంది. "తెల్లవార్లూ చేతులు కదపనిచ్చారా మీరు."